బిట్రగుంటలో గుంట, దొనకొండలో దొన

మా ఊరి బడిగంట ఒక రైలు పట్టా ముక్క. బడి ముందున్న వేపచెట్టు కొమ్మకు లావుపాటి ఇనప తీగతో వేలాడదీసి ఉండేది. చెట్టు తొర్రలో ఒక పాత బోల్టు పెట్టేవాళ్ళు, దాంతో కొట్టాలి. కొడితే ఆ చప్పుడు చెరువు కట్ట దాటి నాట్లేసేవాళ్ళకు కూడా వినిపించేది. ఇంటి గంట కొట్టే వంతు కోసం అయిదో తరగతి దాకా పోట్లాడుకున్నాం గానీ, ఆ ఇనప ముక్క ఎక్కడి నుంచి వచ్చిందని మాలో ఒక్కరమూ అడగలేదు. మాది నెల్లూరు జిల్లాలో కావలికీ బిట్రగుంటకూ మధ్య ఊరు. రైలు సామాను మాకు కొత్త కాదు. పశువుల పాకకు దూలం, బావి గిలకకు స్తంభాలు, పెరటి కంచెకు గుంజలు, ఎటు చూసినా పట్టా ముక్కలే.

రెండేళ్ళ కింద బడికి రంగులేస్తూ గంటను కిందకి దించారు. ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. పట్టాకు తల, నడుం, పాదం ఉంటాయి. నడుం మీద ఉబ్బెత్తుగా ఏదో చేతికి తగిలింది. తుప్పు గీకి, సుద్దముక్క అడ్డంగా పెట్టి రుద్దాను. ఇంగ్లీషు అక్షరాలు తెల్లగా పైకి లేచాయి. మొదటి రెండూ తుప్పు తినేసింది. మిగతావాటిని బట్టి చదివితే ‘బారో స్టీల్’. పక్కన 189 దాకా ఉంది. నాలుగో అంకె ఉండాల్సిన చోట పట్టాను కోసేశారు.

బారో అనేది ఇంగ్లండు వాయవ్య తీరాన ఉన్న ఊరు. అక్కడి ఉక్కు మిల్లులో పోతపోసి సాగదీసిన పట్టాలు ఓడలెక్కి ఎన్నో దేశాలకు వెళ్ళాయి. ఎర్రగా కాలి ఉన్న పట్టాను రోలర్ల మధ్య నుంచి లాగేటప్పుడే మిల్లు పేరు, సంవత్సరం నడుం మీద పడతాయి. కొన్ని మిల్లులు నెలను కూడా నిలువు గీతలతో వేసేవి. అందుకే పట్టా ముక్క దొరికితే దాని పుట్టిన తేదీ దాని ఒంటి మీదే ఉంటుంది.

అంతటితో ఆగలేకపోయాను. ముక్కను రైసు మిల్లు కాటా దగ్గరికి మోసుకెళ్ళాం. సరిగ్గా రెండడుగుల ముక్క, తూకం 22 కిలోలకు కొంచెం తక్కువ. ఆ రోజుల్లో పట్టాను గజానికి ఇన్ని పౌండ్లని లెక్కగట్టేవాళ్ళు. గజానికి 75 పౌండ్ల రకమైతే రెండడుగులకు 50 పౌండ్లు, అంటే 22 కిలోల పైచిలుకు రావాలి. చక్రాలు అరగదీసింది, తుప్పు తినేసింది తీసేస్తే లెక్క కుదిరింది. ఇప్పుడు మెయిన్ లైన్లో వేసే పట్టా మీటరుకు 60 కిలోలు. మా బడిగంట రకం మీటరుకు 37. అప్పటి బండి ఎంత తేలికో, ఇప్పటి బండి ఎంత బరువో ఆ కాటా మీదే కనిపించింది. మద్రాసు, బెజవాడల మధ్య బ్రాడ్‌గేజ్ లైను మొత్తంగా కలిసింది 1899లో. ఆ లైను పుట్టిన రోజుల పట్టా మీద మేం గంట కొట్టుకుంటూ ఎక్కాలు నేర్చుకున్నామన్న మాట.

ఈ చదవడానికి ఒక పేరుంది. పారిశ్రామిక పురాతత్వం. రాజుల కోటలు, గుళ్ళు తవ్వినట్టే ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు, గనులు, కాలవలు, వాటిలో మనుషులు పనిచేసిన తీరును నేల మీద మిగిలిన ఆనవాళ్ళ నుంచి చదివే విద్య. బ్రిటన్‌లో మైకేల్ రిక్స్ అనే ఆయన 1955లో ఒక వ్యాసం రాశాక ఈ మాట జనం నోట్లో పడింది. అక్కడ కూడా ఊరికే కళ్ళు తెరుచుకోలేదు. లండన్ యూస్టన్ స్టేషన్ ముందున్న పెద్ద రాతి ద్వారాన్ని 1961-62లో కూలగొట్టారు. వద్దని ఎందరు మొత్తుకున్నా ఆగలేదు. అది పోయిన తర్వాతే మిగిలినవైనా కాపాడుకోవాలన్న పట్టుదల పెరిగింది. స్విండన్‌లో 1843 నుంచి ఇంజన్లు చేసిన పెద్ద వర్క్‌షాపు 1986లో మూతపడితే, ఆ కట్టడాల్లో ఒక దాన్ని మ్యూజియం చేశారు, కొన్నిటిని దుకాణాలు చేశారు. గోడలు మాత్రం నిలబెట్టుకున్నారు.

మన దేశంలోనూ చెప్పుకోదగ్గ వర్క్‌షాపులు ఉన్నాయి. బీహార్లో జమాల్‌పూర్ 1862 నాటిది. అజ్మీర్ వర్క్‌షాపులో 1895లో తయారైన ఇంజను దేశంలో కట్టిన మొదటిది, ఇప్పుడు ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. మనకు దగ్గరలో మద్రాసు పెరంబూరు, నిజాం రైల్వే వాళ్ళ లాలాగూడ, ఇటు హుబ్లీ. వీటి గురించి రాసేవాళ్ళు ఉన్నారు, వీటికి గోడల మీద రాతి పలకలున్నాయి, ఇప్పటికీ పని నడుస్తోంది. నా బాధ వాటి గురించి కాదు. బిట్రగుంట లోకో షెడ్డు గురించీ, దొనకొండ లోకో షెడ్డు గురించీ.

వర్క్‌షాపు వేరు, షెడ్డు వేరు. కొన్నేళ్ళకొకసారి ఇంజనును పూర్తిగా విప్పి, బాయిలర్ ఎత్తి పక్కనపెట్టి, చక్రాలు మళ్ళీ తిప్పి పంపేది వర్క్‌షాపు. రోజూ వచ్చే ఇంజనుకు బూడిద దులిపి, బొగ్గు, నీళ్ళు పోసి, నట్లు బిగించి, నూనె పెట్టి రాత్రికి మళ్ళీ దారిన పెట్టేది షెడ్డు. పెద్ద పేరు వర్క్‌షాపుకే దక్కింది. రోజువారీ బండి నడిచింది మాత్రం షెడ్ల మీద.

బిట్రగుంటలోనే షెడ్డు ఎందుకు పెట్టారో లెక్క చూడండి. విజయవాడ నుంచి చెన్నైకి రైలు దారి 431 కిలోమీటర్లు. బిట్రగుంట విజయవాడకు దాదాపు 220, చెన్నైకి దాదాపు 210. నడిమధ్య. బొగ్గింజను మనిషిలాంటిదే, ఒక దూరం నడిచాక ఆగాలి. మంట కింద చిట్టెం కట్టిపోతుంది, బూడిద గాలిని అడ్డుకుంటుంది, డ్రైవరు, మంటలో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒళ్ళు హూనమైపోతుంది. డబ్ల్యూపీ అనే రకం బొగ్గింజను వెనక టెండర్లో, అంటే బొగ్గూ నీళ్ళూ మోసే బండిలో, పాతికవేల లీటర్ల నీళ్ళు పట్టేవి, దారి పొడుగునా అవీ చాలేవి కావు. అందుకే సగం దారిలో ఇంజను మార్చాలి, మనుషులు మారాలి. ఎక్కడ మార్చాలన్నది పటం మీద దూరం చెబుతుంది. ఆ దూరంలో నీళ్ళెక్కడున్నాయన్నది నేల చెబుతుంది.

ఇక్కడ నాకు మన ఊళ్ళ పేర్లు గుర్తొస్తాయి. బిట్రగుంట పేరులో గుంట ఉంది. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే పాత మీటర్‌గేజ్ లైన్లో, గుంటూరు, నంద్యాలల మధ్య దాదాపు సగం దారిలో వచ్చే షెడ్డు ఊరు దొనకొండ. దొన అంటే రాతిలో నీళ్ళు నిలిచే గుంట. రైలు రాకముందు నుంచే ఉన్న పేర్లవి. ఇంజనీర్లు ఆ పేరు చూసి వచ్చారని నేను అనను. నీళ్ళు వెతుక్కునే బండి నీళ్ళ పేరున్న రెండు ఊళ్ళ దగ్గరే ఆగిందన్నది మాత్రం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

మా తాత బిట్రగుంట షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాడు. ఆయనది ఒక ఇత్తడి బిళ్ళ నా దగ్గరుంది. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దది, పైన మేకుకు తగిలించడానికి చిల్లు, మధ్యలో నంబరు. పొద్దున పనిలోకి వెళ్ళేటప్పుడు బోర్డు మీద నుంచి బిళ్ళ తీసుకోవాలి, దిగేటప్పుడు మళ్ళీ ఇవ్వాలి. బిళ్ళ లేకపోతే ఆ రోజు జీతం లేదు. దాని చిల్లు ఒక వైపు కోలగా సాగిపోయింది. ఎన్ని వేలసార్లు మేకుకు తగిలిస్తే ఇత్తడి అలా సాగుతుందో నేను చాలాసార్లు ఆలోచించాను. మా తాత చేరినప్పుడు అది మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1951 ఏప్రిల్ 14న సదరన్ రైల్వే అయింది. 1966 అక్టోబరు 2న సౌత్ సెంట్రల్ అయింది. బోర్డులు మారాయి. మా తాత దిగే గుంట మారలేదు.

ఆ గుంటల గురించి చెప్పాలి. షెడ్డులోకి వచ్చే ఇంజను ఒక వరుసలో నడుస్తుంది. ముందు బూడిద గుంట. పట్టాల మధ్య పొడుగ్గా తవ్వి ఇటుకలు కట్టిన కాలవ అది. ఇంజను దాని మీద నిలబడితే కింద మంటపెట్టె తలుపు తెరిచి నిప్పులన్నీ దులిపేస్తారు. కణకణలాడే చిట్టెం మీద గొట్టంతో నీళ్ళు కొడితే లేచే ఆవిరిలో పక్క మనిషి కనపడడు. ముందున్న పొగపెట్టె తెరిచి నుసి ఎత్తిపోస్తారు. తర్వాత బొగ్గు గట్టు, నీళ్ళ స్తంభం. తర్వాత టర్న్‌టేబుల్ మీద, అంటే గుండ్రటి గుంటలో తిరిగే పట్టాల వంతెన మీద, ముఖం తిప్పుకోవడం. అప్పుడు షెడ్డు లోపలికి. అక్కడ పరీక్ష గుంట. ఫిట్టరు మెట్లు దిగి ఇంజను కడుపు కిందికి వెళ్ళి సుత్తితో ఒక్కొక్క స్ప్రింగునూ, బోల్టునూ కొట్టి చప్పుడు వింటాడు. పగిలిందో లేదో చెవి చెప్పాలి. ఆ తర్వాత ఇసుక. పట్టా తడిసినప్పుడు చక్రం జారకుండా ముందు ఇసుక పోయాలి, ఆ ఇసుక పొడిగా ఉంటేనే గొట్టంలో దిగుతుంది. అందుకే ప్రతి షెడ్డులోనూ ఏటి ఇసుకను వేయించే పొయ్యి ఒకటి ఉండేది.

ఇక బాయిలర్ కడగడం. నీళ్ళు మరిగితే పాత్ర అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, మన ఇళ్ళలో వేన్నీళ్ళ బకెట్ హీటరు చూస్తే తెలుస్తుంది. బాయిలర్లోనూ అంతే. పెచ్చు మందమైతే బొగ్గు ఎక్కువ కాలుతుంది, రేకు మాడుతుంది. కొన్ని రోజులకొకసారి ఇంజనును చల్లార్చి, బిరడాలు విప్పి, నీళ్ళు గట్టిగా కొట్టి, కడ్డీలతో ఆ పెచ్చు గీకాలి. మంటపెట్టె పైకప్పులో సీసం నింపిన బిరడా ఉంటుంది. నీళ్ళు తగ్గి రేకు కాలితే సీసం కరిగి, పైనున్న ఆవిరి మంట మీదకి దూకి ప్రమాదం ముందే చెబుతుంది. సీసం కరిగిందంటే ఆ డ్రైవరుకూ ఫైర్‌మన్‌కూ మాట వచ్చేది. పడమటి ప్రకాశం నీళ్ళ సంగతి మనందరికీ తెలుసు. దొనకొండ షెడ్డులో బాయిలర్ కడిగేవాళ్ళకు ఎంత పని పడేదో ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఈ వరుస అంతా ఎందుకు చెప్పానంటే, కప్పు కూలిపోయినా, ఇంజన్లు పాత ఇనుముకు వెళ్ళిపోయినా, వరుస మాత్రం నేలలో మిగులుతుంది. నేను చూసిన ఒక గుంటలో తుమ్మ పొదలు మొలిచి ఉన్నాయి. పొదలు తప్పించి లోపలికి దిగి గోడను చేత్తో తడిమాను. పై వరస ఇటుకలు మామూలుగా గరుకుగా ఉన్నాయి. కింది వరసలు నున్నగా, గాజు పూసినట్టు, నల్లగా ఊదారంగుగా మెరుస్తున్నాయి. నిప్పులు ఏళ్ళ తరబడి పడీ పడీ ఇటుక ముఖం కరిగి మళ్ళీ గట్టిపడింది. అంటే అది పరీక్ష గుంట కాదు, బూడిద గుంట. ఎవరూ చెప్పాల్సిన పని లేదు, ఇటుకే చెప్పింది. ఇరవై అడుగుల అవతల మట్టి నల్లగా జిగటగా ఉంది, వానలు ఎన్ని కురిసినా అక్కడ గడ్డి మొలవలేదు. అక్కడ నూనె గది ఉండి ఉండాలి.

గుంట వెడల్పు కొలిస్తే ఏ గేజ్ ఇంజను నిలబడిందో తెలుస్తుంది. మీటర్‌గేజ్‌లో పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజ్‌లో 1,676. దొనకొండ లాంటి చోట సన్నటి గుంట కనిపిస్తే అందులో భుజాలు కుదించుకుని పనిచేసిన మనిషి కూడా కనిపిస్తాడు. టర్న్‌టేబుల్ గుంట ఎంత వెడల్పుందో కొలిస్తే ఎంత పొడుగు ఇంజను అక్కడ తిరగగలిగేదో తెలుస్తుంది. టెండర్‌తో కలిపి డబ్ల్యూపీ పొడవు 23 మీటర్ల పైమాట. గుంట అంతకంటే చిన్నదైతే ఆ ఇంజను ముఖం తిప్పుకోవడానికి వేరే ఏర్పాటు ఉండి తీరాలి, దాని ఆనవాలు ఎక్కడో వెతకాలి. ఒక టేపుతో ఇన్ని ప్రశ్నలు పుడతాయి.

మరి ఈ టేపు పట్టేదెవరు? ఎవరూ పట్టడం లేదు. అదే నా ఫిర్యాదు. విజయవాడ, చెన్నై లైనుకు 1980 నాటికి కరెంటు వచ్చింది. బొగ్గింజన్ల పని అయిపోయింది. గుంటూరు, గుంతకల్లు మీటర్‌గేజ్ 1990ల్లో బ్రాడ్‌గేజ్ అయింది. బిట్రగుంటలో ఆవిరి పోయింది, దొనకొండలో ఆవిరితో పాటు గేజ్ కూడా పోయింది. ఆ రోజు నుంచి రెండు ఊళ్ళలోనూ ఒకటే మాట వింటున్నాం, ఇక్కడ రైల్వేకి ఇంత స్థలం ఉంది, ఏదో ఒక ఫ్యాక్టరీ పెట్టండని. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ మాట వస్తుంది. నేనూ అదే కోరుకుంటాను. పిల్లలకు పని కావాలి. అయితే ఆ ఫ్యాక్టరీ పునాది తవ్వే జేసీబీ రాకముందు వారం రోజులు ఆ నేలను కొలిచి గీసిపెట్టమని అడుగుతున్నాను.

దొనకొండ మండలంలోనే గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉంది. పురాతత్వ శాఖ వాళ్ళు దాన్ని తవ్వారు, కొలిచారు, ఇటుక ఇటుకా గీశారు, బోర్డు పెట్టారు. చాలా మంచి పని. రెండువేల ఏళ్ళ కిందటి ఇటుకకు దొరికిన ఆ మర్యాదలో వందో వంతు అదే మండలంలో వందేళ్ళ కిందటి ఇటుకకు ఎందుకు దొరకదు? కేంద్ర పురావస్తు చట్టం 1958 నాటిది. కట్టడమైనా ఆనవాలైనా కనీసం వందేళ్ళ పాతదై ఉండాలంటుంది. రైళ్ళు మన జిల్లాలోకి వచ్చి వందేళ్ళు దాటిపోయింది. నెల్లూరు నుంచి తిరుపతికి మీటర్‌గేజ్ బండి 1887లోనే నడిచింది. వయసు చాలదని ఇక ఎవరూ అనలేరు.

అసలు అడ్డం వయసు కాదని నా అనుమానం. అందం. యునెస్కో గుర్తించిన మన రైళ్ళు చూడండి. డార్జిలింగు 1999లో, బొంబాయి విక్టోరియా టెర్మినస్ 2004లో, నీలగిరి 2005లో, సిమ్లా 2008లో. కొండలు, మంచు, రాతి శిఖరాలు. అన్నీ తగినవే, నీలగిరి బండెక్కి నేనూ మురిసిపోయాను. ఎండలో కాలే మన మెట్ట నేలలో బూడిద మేసిన గుంట ముందు నిలబడి ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు. కానీ ఆ కొండ బండ్లు చూడముచ్చట కోసం ఎక్కేవి. దేశం తిన్న బియ్యం, గూడూరు అభ్రకం, ఒంగోలు పొగాకు, కలకత్తా మెయిలు, అన్నీ నడిచింది ఇలాంటి మామూలు షెడ్ల మీదే. మన దగ్గర మామూలు పని చేసిన చోటుకు గౌరవం తక్కువ. అక్కడ పనిచేసిన మనిషికి కూడా తక్కువేనని రిటైరైన ఖలాసీ ఇంటికెళ్తే తెలుస్తుంది.

తెల్లవాడు కట్టిన దానికి ఇంత మమకారం ఎందుకని నన్ను ఒకరిద్దరు అడిగారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కంపెనీల లాభం కోసం, దొరల సైన్యం కోసం వేసిన లైన్లే ఇవి. పాత రైల్వే కాలనీ ఏదైనా నడిచి చూడండి. దొరల బంగళా ఎంత, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల ఇల్లు ఎంత, ఖలాసీ గది ఎంత, వీధి నుంచి వీధికి గడపలే చెబుతాయి. అది కూడా కొలవాలి, ముందు అదే కొలవాలి. ఎవరి గదికి కిటికీ ఉందో, ఎవరి వీధికి కుళాయి ఉందో గీస్తే అప్పటి అన్యాయం అంకెల్లో నిలుస్తుంది. కూలగొట్టేస్తే ఆ అన్యాయానికి సాక్ష్యం కూడా పోతుంది. పైగా కట్టించింది దొరలైనా మట్టి తట్టలు మోసింది మనవాళ్ళు, మంట దగ్గర చర్మం కాల్చుకున్నది మనవాళ్ళు.

షెడ్డు మాటలు కూడా పోతున్నాయి. మా తాత నోట్లో పానా, ఆకురాయి, పటకారు ఎంత మామూలో ఖలాసీ, మేస్త్రీ, వాష్‌ఔటు, క్లింకరు అంతే మామూలు. ఉర్దూ, పోర్చుగీసు, ఇంగ్లీషు, అరవం, తెలుగు కలిసి ఒక్క గుంటలో ఉడికిన భాష అది. రాత్రి డ్యూటీకి ఇంటింటికీ వెళ్ళి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని డ్రైవర్లను లేపే కాల్ బాయ్ ఉండేవాడు. ఆ తలుపు చప్పుడుకు మేలుకున్న పిల్లలు ఇప్పుడు ముసలివాళ్ళు. షెడ్డు బయట బూడిద కుప్పల దగ్గర ఆడవాళ్ళు గంపలూ జల్లెడలూ తెచ్చుకుని సగం కాలిన బొగ్గు ఏరుకునేవాళ్ళు. మా అవ్వ పొయ్యిలో అదే. ఏ రైల్వే ఫైల్లోనూ ఆ గంప ఉండదు. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. 8న మొదలై 27న ఆపేశారు. ఆ రోజుల్లో పోలీసులొస్తారని మా తాత కొన్ని రాత్రులు మామిడి తోటలో పడుకున్నాడని, మా అవ్వ సద్దిమూట పట్టుకుని చీకట్లో వెళ్ళేదని నాయన చెబుతాడు. తాత ఏమనుకున్నాడో అడిగి రాసుకోవలసిన వయసులో నేను అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ తప్పు దిద్దుకోలేను.

అందుకే మిగిలినవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. ముందు సరైన దారిలోనే వెళ్దామని కొలతలకు అనుమతి కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. ఆ గుంటలతో మీకేం పని, పాము కరిస్తే ఎవరిది బాధ్యత అన్నారు. మూడోసారి నా కాగితమే దొరకలేదు. అక్కడి మనుషుల మీద నాకు కోపం లేదు. వాళ్ళ చేతిలో ఉన్న రూల్సులో ‘పాత గుంటను కొలవడం’ అనే పని లేదు. స్క్రాపు అమ్మడానికి రూలుంది, ఆక్రమణ తీయడానికి రూలుంది. నేను కోరే మార్పు అక్కడ రావాలి. రైల్వే స్థలంలో ఏ పాత కట్టడం తీసేయాలన్నా ముందు కొలతల పటం, నాలుగు వైపులా ఫొటోలు, దగ్గరలో ఉన్న రిటైరైన వాళ్ళ మాటల రికార్డు ఉండి తీరాలన్న ఒక్క నిబంధన. విజయవాడ, గూడూరు మధ్య మూడో లైను పనులు చేపట్టారు. బండ్లు పెరిగాయి, లైను కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ మట్టి కదిలే చోటల్లా ఏదో ఒకటి పోతుంది. పోయేది ఏమిటో తెలిసి పోనివ్వాలి.

స్టేషను ముందు ఒక పాత ఇంజనుకు నల్లరంగు కొట్టి దిమ్మె మీద నిలబెడితే చాలదా అనేవాళ్ళు ఉంటారు. నిలబెట్టండి, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు, నాకూ సంతోషం. అయితే దిమ్మె మీది ఇంజనుకు బూడిద గుంట లేదు, నీళ్ళ స్తంభం లేదు, కింద సుత్తి చప్పుడు వినే మనిషి లేడు. అది ఎక్కడి నుంచైనా తెచ్చి పెట్టొచ్చు. బిట్రగుంట గుంటను మాత్రం బిట్రగుంటలో తప్ప ఎక్కడా చూడలేం.

అధికారులతో పని లేకుండా ఇవాళే చేయగలిగింది కూడా ఉంది. ఊరూరా ఉన్న పట్టా ముక్కలు. మా బడి పిల్లలు పలచటి కాగితం పెట్టి బొగ్గుతో రుద్ది ఇప్పటికి పదకొండు ముక్కల అక్షరాలు తెచ్చారు. నాలుగిట్లో టాటా పేరుంది. జంషెడ్‌పూర్‌లో ఉక్కు పట్టాలు తయారవడం మొదలయ్యాక సముద్రం దాటి రావాల్సిన అవసరం ఎలా తగ్గుతూ వచ్చిందో మా ఊరి పాకల దూలాల మీదే కనిపిస్తోంది. ఏడో తరగతి పాప ఒకతి తన ఇంటి వసారా దూలం మీద సంవత్సరం చదివి, “మా ఇల్లు కంటే మా దూలం పెద్దది సార్” అంది.

మొన్న సంక్రాంతికి బిట్రగుంటలో తాతతో కలిసి పనిచేసిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, చెవి మాత్రం పాముచెవి. షెడ్డు ఎలా ఉండేదో చెప్పమంటే మాటలతో చెప్పలేక విసుక్కుని, పొయ్యిలో నుంచి బొగ్గుముక్క తెప్పించుకుని అరుగు మీద గీయడం మొదలుపెట్టాడు. “ఇది వచ్చే రోడ్డు అబ్బయా. ఇదుగో ఈడ బూడిద గుంట. ఈడ బొగ్గు. ఇట్టా తిరిగి ఇట్టా లోపలికి. మీ తాత గుంట ఇది, మూడోది.” గీత వణికింది గానీ ఎక్కడా ఆగలేదు. ఇసుక పొయ్యి గీసేసరికి పక్కింటి ఆయన, ఒకప్పటి ఫైర్‌మన్, కర్ర ఆనించుకుంటూ వచ్చి చూసి, “పొయ్యి ఆ పక్కన యాడుందిరా, నీళ్ళ స్తంభం దాటినాక కదా” అన్నాడు. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఒకాయన చెరిపితే ఇంకొకాయన గీశాడు. ఇంట్లో నుంచి కోడలు నీళ్ళ చెంబుతో అరుగు కడగడానికి వస్తే నేను అడ్డం నిలబడి ఫొటోలు తీసుకున్నాను.

చివరికి ఫైర్‌మన్ తాతే అన్నాడు, ఈడ కూర్చుని కొట్లాడుకుంటే తేలదు, పోయి చూద్దామని. వచ్చే ఆదివారం ఎండెక్కక ముందే రమ్మన్నారు. పొదలు కొట్టడానికి ఒక కుర్రోణ్ణి, వాళ్ళిద్దరికీ ఒక ఆటోని మాట్లాడమన్నారు. టేపు చిన్నది చాలదు, యాభై మీటర్లది తెమ్మన్నారు.